గాలికుంటుకు నేను చెప్పిన అర్థం

నా చిన్నప్పుడు నాకు తెలియని మాట అంటూ ఉండేది కాదు. ఎప్పుడైనా అలాంటిది ఎదురైతే దాన్ని మధ్యకు విరిచి, రెండు ముక్కలకూ చెరో అర్థం చెప్పి, మళ్ళీ అతికించి ఎదుటివాళ్ళ చేతిలో పెట్టేసేదాన్ని. మదనపల్లెలో మా బడి తెలుగు అయ్యవారు సంధులు విడదీయడం నేర్పిన ఏడాది అది. కత్తెర కొత్తగా చేతికొచ్చిన పిల్ల ఇంట్లో ఏ గుడ్డనూ వదలనట్టు నేను ఏ మాటనూ వదిలేదాన్ని కాదు. మా నాన్న మిషన్ ఆస్పత్రిలో మందులిచ్చే గదిలో పనిచేసేవాడు. చర్చి ఆదివారం బడిలో బైబిలు వాక్యాలు అప్పజెప్పి నేను తెచ్చుకున్న బొమ్మల కార్డులు మా ఇంటి గోడకు వరసగా అంటించి ఉండేవి. ఇంటికి వచ్చినవాళ్ళు వాటిని చూసి, ఈ పాప ఎంత తెలివిగలదో అనేవాళ్ళు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ మాటను నేను పూర్తిగా నమ్మాను.

వేసవి సెలవులకు నన్ను పుంగనూరు దగ్గరి ఒక పల్లెకు, మా పెదనాయన ఇంటికి పంపేవాళ్ళు. ఆయన మా నాన్నకు అన్న. పుంగనూరు పసులాస్పత్రిలో కాంపౌండరు. తమ్ముడు మనుషులకు మందులిస్తే అన్న పశువులకు ఇచ్చేవాడు. ఇద్దరూ కలిసినప్పుడల్లా ఎవరి రోగులు మంచివాళ్ళనే దాని మీద వాదన జరిగేది. మా పెదనాయనే ఎప్పుడూ గెలిచేవాడు. ఆయన రోగులు మందు మింగామని అబద్ధం చెప్పరు, ఆస్పత్రిలో ఇచ్చినది కాదని దారిలో ఇంకొకరి సలహా అడగరు.

ఒకరోజు ఆయన నన్ను సైకిలు మీద ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి గోడ మీద పశువుల రోగాల పట్టిక వేలాడుతూ ఉంది. అందులో 'జబ్బవాపు' అని ఒక మాట కనిపించింది. జబ్బ అంటే భుజమని, పశువుకు భుజం వాచే రోగమని ఆ చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు. నేను ఎవరినీ అడగలేదు. దాన్ని జబ్బు, అవ్వ, ఆపు అని మూడు ముక్కలు చేసి, అవ్వలకొచ్చే జబ్బును ఆపే మందు అని చెప్పాను. పెదనాయన బల్ల మీద చెయ్యి కొట్టి నవ్వాడు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. లోపలున్న డాక్టరుగారిని పిలిచి, ఆయన ముందు నా చేత మళ్ళీ చెప్పించాడు. ఆయనా నవ్వాడు. అది తప్పని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఆ నవ్వును నేను మెప్పుగా మూట కట్టుకుని ఇంటికి వచ్చాను.

ఆ సెలవుల్లోనే పక్క ఊళ్ళో గాలికుంటు తగిలిందని కబురు వచ్చింది. ఈ రోగం వస్తే పశువు నోట్లోనూ గిట్టల మధ్యా పొక్కులు లేస్తాయి. నోటి నుంచి సొల్లు కారుతుంది, మేత ముట్టదు, కాలు కింద పెట్టలేక కుంటుతుంది. పెద్ద పశువులు చిక్కి సగమై ఎలాగో తేరుకుంటాయి గానీ, పాలు తాగే దూడలు చాలావరకు నిలవవు. ఇప్పుడైతే ఇంటి ముందుకే వచ్చి టీకాలు వేస్తున్నారు. అప్పట్లో మా పల్లెల దాకా అలాంటివి వచ్చేవి కావు. పెదనాయనను గంగవరం వైపు ఊళ్ళకు పంపారు. వెళ్ళే ముందు ఆయన వీధిలో నిలబడి, పశువుల్ని కలిపి మేపొద్దని, ఒకే తొట్టిలో నీళ్ళు తాపొద్దని అందరికీ చెప్పాడు. అందరూ సరేనన్నారు. మరునాడు పొద్దున అన్ని పశువులూ ఎప్పటిలాగే ఒకే తొట్టి దగ్గర నీళ్ళు తాగాయి.

భయపడింది పక్కింటి అవ్వ ఒక్కతే. ఆమెకు ఒక చిన్న తెల్లావు ఉండేది, పుంగనూరు జాతిది, సరిగ్గా నా ఛాతీ అంత ఎత్తు. అవ్వ దాన్ని కోడలితో మాట్లాడినట్టు రోజంతా సాధిస్తూ, రాత్రికి దాని మెడ నిమిరి పడుకునేది. అది ఈని పది రోజులైంది. అంతకుముందు ఈతలో పుట్టిన దూడ ఇదే గాలికుంటుతో పోయింది. ఈసారి దూడ ఆమె చీర కొంగు నోట్లో పెట్టుకుని వెనకాలే తిరిగేది.

ఆ పొద్దు అవ్వ మా అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

"పాపా, నువ్వు సదువుకుండావు గదా. గాలికుంటు అనేదానికి అర్థమేందమ్మా?"

పెదనాయన వచ్చాక అడుగుదామని నేను చెప్పి ఉండవచ్చు. ఆ ఆలోచనే రాలేదు.

"గాలి, కుంటు. గాలి తగిలితే కుంటుతుందని అర్థం, అవ్వా."

అవ్వ నా దగ్గరికి జరిగింది. "అయితే గాలి తగలకుండా సూసుకుంటే?"

"కుంటదు."

"అంతేనా?"

"అంతే."

నాకైతే ఆ మాట అక్కడితో అయిపోయింది. అవ్వకు అక్కడ మొదలైంది. మధ్యాహ్నానికల్లా ఆవునూ దూడనూ ఇంట్లోకి తోలి, కిటికీకి కంబళి కట్టి, తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కి, తాను చాప పట్టుకుని బయటికి వచ్చేసింది. చిన్న ఆవు కనుక అది ఇంట్లోకి చుట్టం వచ్చినట్టు నడిచి వెళ్ళింది. వీధిలోవాళ్ళు సంగతేమిటని అడిగారు. పసులాస్పత్రి కాంపౌండరు ఇంటి పాప చెప్పిందని అవ్వ చెప్పింది. ఆ మాట నాలుగిళ్ళు దాటేసరికి కాంపౌండరు చెప్పాడని అయింది. వీధి చివరికి చేరేసరికి డాక్టరుగారు రాసిచ్చాడని అయింది.

సాయంత్రం ఎదురింటాయన మా ఇంటికి వచ్చాడు. ఆయన మాట తక్కువ మనిషి. వీధిలో అందరికన్నా పెద్ద ఎద్దు ఆయనది. ఆయన వెనక మరో ఆరేడుగురు నిలబడ్డారు. మా పెద్దమ్మ చేట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"పాపా, ఇది మీ పెదనాయన సెప్పిన మాటేనా?" అని అడిగాడు ఆయన.

అంతమంది నా నోటి వైపు చూడటం ఆదివారం బడిలో కూడా ఎప్పుడూ జరగలేదు. కాదంటే వాళ్ళంతా వెనుదిరిగి వెళ్ళిపోతారు. నేను "ఊ" అన్నాను. నా బతుకులో నేను చెప్పిన అబద్ధాలన్నిటిలోకీ చిన్నది అదే. ఒకటే అక్షరం. దానికున్నంత బలం తరువాత నేను చెప్పిన పెద్ద పెద్ద అబద్ధాలకు కూడా లేకపోయింది.

మరునాటికి మా వీధి తలకిందులైంది. ఆవులు, ఎద్దులు, ఒక కుంటి మేక కూడా ఇళ్ళల్లో ఉన్నాయి. మనుషులు మంచాలు, పొయ్యిరాళ్ళు, కుండలు బయటికి తెచ్చుకుని వీధిలో కాపురం పెట్టారు. లోపలికి పోవలసి వస్తే తలుపు బెత్తెడు తీసి, పక్కకు జారి, వెంటనే మూసేవాళ్ళు. ఒకామె తన ఇంట్లోకి పోయి ఉప్పు తెచ్చుకోవడానికి లోపలి గేదెను బతిమాలుకోవడం నేను నా చెవులతో విన్నాను. మా పెద్దమ్మ మాత్రం, మనకు పశువులు లేకపోవడం దేవుడి కృప అని రెండుసార్లు అంది. పిల్లలకు అది తిరునాళ్ళలా ఉంది. నేను అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్నాను. మొదట గర్వంగా ఉంది. ఆ ఎండలో ముసలివాళ్ళు తడిగుడ్డలు నెత్తిన వేసుకుని కూర్చోవడం చూశాక ఆ గర్వం నిలవలేదు.

ఎదురింటాయన ఎద్దును లోపలికి తోలడానికి పెద్ద అవస్థే పడ్డారు. ఆ ఇంటి వాకిలి పొట్టిది, మనుషులే వంగి పోవాలి. కొమ్ములు ఒకసారి అటూ ఒకసారి ఇటూ వంచి, ముందు గడ్డి చూపించి, వెనక నలుగురు తోసి ఎలాగో లోపలికి పంపారు. లోపల అది ఒక రోజు బుద్ధిగా ఉంది. రెండో రోజు పొద్దున మూలనున్న రాగుల కుండ మీద దాని చూపు పడింది. కుండ పగిలిన చప్పుడు బయటికి వినిపించింది గానీ, తలుపు తీస్తే గాలి లోపలికి దూరుతుందని ఎవరూ తీయలేదు. తీసేసరికి రాగులు లేవు. ఎద్దు కడుపు ఎడమ వైపు తప్పెటలా ఉబ్బి ఉంది. పడుకోలేక, నిలబడలేక మూలుగుతోంది. బయటికి లాగుదామంటే ఆ కడుపుతో వాకిట్లో పట్టదు.

ఎదురింటాయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆ ఎద్దు లేకపోతే ఆయనకు ఆ ఏడు సేద్యం లేదు. నా వైపు ఒక్కసారి చూశాడు, అంతే. నేను లోపలికి పోయి పెద్దమ్మ వెనక దాక్కున్నాను.

మిట్టమధ్యాహ్నం పెదనాయన సైకిలు దిగాడు. దిగినవాడు అక్కడే నిలబడిపోయాడు. మనుషులంతా వీధిలో ఉన్నారు. అవ్వ ఇంటి కిటికీలో కంబళి పక్కకు జరిగి, ఆ సందులోంచి తెల్లావు ఆయన్ను చూస్తోంది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆవు ఇంకా అక్కడే ఉంది.

"ఏందప్పా ఇది?" అన్నాడు.

"నువ్వు సెప్పినట్టే సేసినామప్పా," అన్నాడు ఎవరో. "గాలి సొరకుండా."

"నేను సెప్పినానా?"

"పాపతో సెప్పి పోయినావంట గదా."

పెదనాయన తలుపు పక్కనున్న నా వైపు చూశాడు. నేను ఆయన చెప్పుల వైపు చూశాను. ఆయన కాదని ఒక్క మాట అంటే చాలు, ఆ వీధి వీధంతా నా వైపు తిరుగుతుంది.

"సెప్పినా," అన్నాడు పెదనాయన. "బిడ్డకు సగమే అర్థమయ్యేట్టు సెప్పి పోయినా. తప్పు నాది. మిగతా సగం తరవాత. ముందు ఎద్దును సూద్దాం పదండి."

లోపలికి పోయి ఎద్దు కడుపు మీద వేళ్ళతో తట్టి చూశాడు. వెదురు గొట్టంతో వేరుశనగ నూనె, ఇంగువ కలిపి దాని గొంతులో పోశాడు. నిలబెట్టి ఉంచితే లాభం లేదని, బయటికి తెచ్చి నడిపిస్తేనే లోపలి వాయువు కదులుతుందని చెప్పాడు. దానికి వాకిలి ద్వారబంధం పీకాలి. తాతల నాటి గడప పీకడం మంచిది కాదని ముసలివాళ్ళు అన్నారు.

"గడప కావాలనా, ఎద్దు కావాలనా?" అని పెదనాయన ఎదురింటాయన్ను అడిగాడు.

ఎదురింటాయన గడపనూ ఎద్దునూ మార్చి మార్చి చూశాడు. "రెండూ కావాలప్పా," అన్నాడు.

ఆఖరికి గడ్డపారలు తెచ్చి ద్వారబంధం ఊడదీశారు. గోడ కూడా కొంత వచ్చింది. ఎద్దు బయటపడింది. పెదనాయన ముక్కుతాడు పట్టుకుని దాన్ని వీధి ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు నడిపించసాగాడు. వీధిలో ఉన్నవాళ్ళంతా వెనకాలే నడిచారు, పెళ్ళికొడుకు వెనక నడిచినట్టు. గాలి రాకూడదని రెండు రోజులుగా తలుపులు బిగించుకున్న జనం ఇప్పుడు గాలి ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి ఎదురుచూస్తున్నారు. నేను కూడా పెద్దమ్మ కొంగు వదిలి ఆ గుంపులో చేరి, ప్రభువా, ఒక్కసారి వదిలేటట్టు చెయ్యి అని ప్రార్థించాను. అంత నిజాయితీగా నేను అంతకుముందు ఎన్నడూ ప్రార్థించలేదు.

అయిదోసారి వీధి తిరుగుతుండగా ఆ ప్రార్థన ఫలించింది. ఆ చప్పుడును ఇక్కడ రాయడం మర్యాద కాదు. వెనక దగ్గరగా నడుస్తున్నవాళ్ళు నాలుగడుగులు వెనక్కి దూకారని మాత్రం చెబుతాను. ఎదురింటాయన దూకలేదు. ఆ చోటే నిలబడి ఎద్దు వీపు మీద తల ఆనించి ఏడ్చాడు. అవ్వ "ఓయమ్మా" అని నిట్టూర్చి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ తరువాత అదే వరసగా చాలాసేపు సాగింది. సాయంత్రానికి కడుపు దిగింది.

అప్పుడు పెదనాయన అందరినీ కూర్చోబెట్టి మిగతా సగం చెప్పాడు. తలుపులు, కిటికీలు తీసేయండి, పశువుకు గాలి కావాలి, పశువు దగ్గరికి ఇంకో పశువు మాత్రం పోకూడదు అన్నాడు. ఎవరి తొట్టి వాళ్ళది, ఎవరి గడ్డి వాళ్ళది, పక్క ఊరికి పోయి వచ్చినవాళ్ళు కాళ్ళు కడగందే కొట్టంలోకి పోవద్దు అన్నాడు. ముందు చెప్పింది కూడా అదే. ఈసారి విన్నారు.

ఆ రాత్రి నాకు దెబ్బలు పడతాయని పెద్దమ్మ ముందే జొన్నరొట్టె పెట్టేసింది. దెబ్బలు పడలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

మరునాడు పొద్దున ఆయన నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని గాలికుంటు తగిలిన పక్క ఊరికి బయలుదేరాడు. ఊరి బయటే ఆపాడు. దూరంగా చింతచెట్టు కింద ఒక ఆవు నిలబడి ఉంది. నోటి నుంచి నురగ తీగలుగా కారుతోంది. చప్పరిస్తున్నట్టు చప్పుడు చేస్తూ, ముందు కాలు ఒకటి ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తుతోంది. నేను రెండు రోజులుగా అర్థం చెబుతున్న రోగాన్ని మొదటిసారి చూడటం అప్పుడే.

అక్కడ దూరంగా ఒక ముసలామె కూర్చుని ఉంది. చిన్నప్పటి నుంచి మందలు కాసిన మనిషి. పెదనాయన ఉన్నచోటి నుంచే గట్టిగా అడిగాడు, ఈ రోగానికి గాలికుంటని ఎవరు పేరు పెట్టారని.

"ఎవురు పెడతారప్పా? మా అవ్వోళ్ళు అంటా ఉండిరి, మేమూ అంటాండాము," అంది ఆమె. "నిన్న పక్కూర్లో ఉండాది, ఈపొద్దు ఈడ ఉండాది. ఎవురు తెచ్చినారో యాడా కనబడదు. అట్లా వచ్చేది గాలే గదా. పొద్దన్నే మందను ఇడిస్తే ముందు కనబడేది కుంటు. నోరు తరవాత సూస్తాము. అందుకే ఆ పేరు."

పెదనాయన నా వైపు తిరిగాడు. "ఇంగ్లీషు పుస్తకంలో దీన్ని కాలు, నోరు రోగమంటారు పాపా. డాక్టరు పశువును నిలబెట్టి, కాలు యెత్తి, నోరు తెరిసి సూస్తాడు. ఈయమ్మ అది నడిసొస్తా ఉంటే సూసింది. ఎవురు సూసింది వాళ్ళు పెట్టినారు. నువ్వు సూసినావా?"

"లేదు."

"మరి యాల సెప్పినావు?"

నేను ఆ ఆవు ముందు కాలి వైపు చూస్తూ, నిజంగా ఇది గాలిలోనే వస్తుందా అని అడిగాను. ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుందనుకున్నాను.

"గాల్లోనూ పోతాదని మా డాక్టరు అంటాడు. సొల్లుతో, మేతతో, మన కాళ్ళతోనూ పోతాది. ఏది ఎంతో నాకు తెలీదమ్మా," అన్నాడు. అంత పెద్దమనిషి, కాంపౌండరు, ఆ మాటను దగ్గినంత తేలిగ్గా అనేశాడు. ఆయన చొక్కాకు గానీ కళ్ళజోడుకు గానీ ఏమీ కాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక బావి దగ్గర ఆపి, నా కాళ్ళూ తన కాళ్ళూ సైకిలు చక్రాలూ చాకలిసోడా నీళ్ళతో కడిగాడు. కడుగుతూ ఇంకో మాట అన్నాడు. "ఆపొద్దు జబ్బవాపుకు నువ్వు అర్థం సెప్తే నేను నవ్వినాను సూడు, అది నా తప్పు. ఆపొద్దే సెప్పుండాల్సింది. నిన్న వీధిలో నా తప్పని సెప్పింది ఉత్తమాట కాదు. నీ తప్పు మాత్రం నువ్వే పోయి సెప్పుకో."

పోయి చెప్పుకున్నాను. ఇంటింటికీ తిరిగి, మా పెదనాయన చెప్పలేదు, నేనే కల్పించి చెప్పాను అన్నాను. చిక్కేమిటంటే అప్పటికి పై వీధిలో నాలుగు పశువులకు గాలికుంటు తగిలింది, మా వీధిలో ఒక్కదానికీ తగల్లేదు. ఒకదానికొకటి దూరంగా గదుల్లో ఉండటం వల్లే అవి బతికిపోయాయి. తప్పు అర్థం మంచి పని చేసిపెట్టింది. జనం నా ఒప్పుకోలు వినడానికి సిద్ధంగా లేరు. "కల్పించినా మంచిదే కల్పించినావులేమ్మా," అంది అవ్వ. దూడను చూపించి, ఈసారి కోళ్ళ తెగులుకు కూడా ఏదైనా అర్థం చెప్పమంది. తెలియదన్నాను. దాస్తున్నాననుకుని ఆమె బెల్లం ముక్క తెచ్చి పెట్టింది.

ఎదురింటాయన మాత్రం విన్నాడు. పూర్తిగా విని, తల ఆడించి, కూలిన గోడకు మట్టి మెత్తుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ సెలవులన్నీ నాతో మాట్లాడలేదు. నేను రోజూ పోయి ఆ మట్టికి నీళ్ళు అందించాను. వద్దని కూడా అనలేదు.

తరువాత నేను కుప్పం దగ్గర బడిలో తెలుగు పంతులమ్మనయ్యాను. మాటలకు అర్థాలు చెప్పి జీతం తీసుకునే ఉద్యోగం. ఒకసారి గుడుపల్లె వైపు నుంచి వచ్చే ఒక పిల్ల రెండు రోజులు మానేసి సెలవుచీటీ తెచ్చింది. 'మా గొర్రెలకు చిటుక రోగం వచ్చినందున' అని రాసి ఉంది. ఆ మాట నాకు కొత్త. నాలుక చివర ఏదో ఒక అర్థం తయారవుతోంది. దాన్ని మింగేసి, నాకు తెలియదు, నువ్వు చెప్పు అన్నాను. తరగతిలో గుసగుసలు వినిపించాయి. టీచరుకు తెలియని మాట ఉండటం వాళ్ళకు వింతగా ఉంది.

ఆ పిల్ల చెయ్యి ఎత్తి చిటికె వేసింది. "ఇంతే సేపు టీచర్. మేస్తా ఉండినవి మేస్తానే పడిపోయినాయి. మా నాయన సేతిలో నీళ్ళసెంబు అట్లే ఉండె."

చెప్పి చెయ్యి దించుకుంది. నేను ఆ మాటను నల్లబల్ల మీద రాశాను. దాని పక్కన ఆ పిల్ల చెప్పిందే రాశాను, ఒక్క ముక్క కలపకుండా.

ఇప్పుడు నాకు చత్వారం, మోకాళ్ళ నొప్పులు. మనవరాలి వయసు పిల్లలు వచ్చి ఏదో ఒక మాట పట్టుకుని దీనికి అర్థమేమిటని అడుగుతూనే ఉంటారు. ఈ మాటను మొదట అన్నవాళ్ళు ఏం చూసి అన్నారో అని ఒక్క క్షణం ఆగుతాను. తెలిస్తే చెబుతాను. తెలియకపోతే తెలియదని చెప్పి, చేతికర్ర తీసుకుని తెలిసినవాళ్ళ ఇంటికి నడుస్తాను. మోకాళ్ళు ఒప్పుకోని రోజున ఫోను చేస్తాను.